మొద్దుకు జావ పోసిన చేయి

మా అత్తయ్య నోరు తెరిచిందంటే అవతలి వీధిలో రొట్టెలు కాల్చేవాడు కూడా తానేం తప్పు చేశానా అని తడుముకునేవాడు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఆమెకు నిలువెల్లా ఉండేది. పొద్దున లేవగానే ముందు పొయ్యిని తిట్టేది, తరువాత తడిసిన కట్టెల్ని, ఆ తరువాత కొడుకుని. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక కట్టెలకూ కొడుక్కూ మధ్య నాకు చోటు కుదిరింది. ఆమె చేత నిజమైన తిట్లు తినని ప్రాణి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. అది మేడంత ఎత్తున్న జంతువు. దాన్ని మొద్దు అని పిలిచేది.

యుద్ధానికి పెంచే మృగాలకు పేరు పెట్టకూడదని మా పోటుశాలలో నియమం. పేరు పెడితే మమకారం పుడుతుందనీ, దండుతో పంపేటప్పుడు ఏడుపులు మొదలవుతాయనీ పెద్దల భయం. ఆ మాట గుర్తుచేస్తే అత్తయ్య ఒప్పుకునేది కాదు. మొద్దు అన్నది పేరు కాదనీ, తిట్టనీ, మృగాల్ని తిట్టకూడదని ఏ నియమంలోనూ లేదనీ వాదించేది. ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

పోటుశాల ఊరి చివర ఎత్తైన రాతి ప్రహరీ లోపల ఉండేది. ఒక పక్క మృగాల కొట్టాలు, ఇంకో పక్క ఇటుకల బట్టీ, సున్నం గుంట. జంతువులుండే చోట ఇటుకల బట్టీ ఎందుకా అని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. ఆ సంగతికి వస్తాను. మా ఇల్లు మొద్దు కొట్టాన్ని ఆనుకునే ఉండేది. ఒక గది, ఒక వంటిల్లు, మొద్దుకూ మాకూ మధ్య ఒకే గోడ. అది పడుకున్నప్పుడల్లా మా అటక మీద గిన్నెలు గలగలమనేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టేది కాదు. తరువాత తరువాత ఆ చప్పుడు వినపడకపోతే నిద్ర పట్టేది కాదు.

పోటుమృగాన్ని చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. దానికి నాలుగు కొమ్ములు. రెండు పైకి ఉంటాయి, రెండు ముందుకు. ముందు కొమ్ములకు ఇనప తొడుగులు వేస్తారు. మెడ చుట్టూ చర్మం పలకలు పలకలుగా గట్టిపడి ఉంటుంది, బాణం దిగదు. ఒకప్పుడు ఇవి అడవుల్లో మందలుగా తిరిగేవట. ఇప్పుడు ఏ అడవిలోనూ లేవు. ఉన్నవన్నీ శాలల్లో పుట్టి శాలల్లో ఈనినవే. మొద్దు చెట్టును చూడలేదు, దాని తల్లి చూడలేదు, దాని అమ్మమ్మా చూడలేదు. పచ్చి కొమ్మ వేస్తే దాన్నేం చేయాలో తెలియక ముట్టెతో పక్కకు నెట్టి నిలబడేది. ఉడికించిన దుంపలూ తవుడూ కలిపిన జావ తప్ప దానికి వేరే తిండి తెలియదు. ఒకసారి సీతాకోకచిలుక ముక్కు మీద వాలితే బెదిరిపోయి, వెనక్కి వెనక్కి నడిచి నీళ్ల తొట్టిలో కూర్చుంది. శత్రువుల గుండెలు బద్దలుచేసే మృగమని దండులో దాని గురించి చెప్పుకుంటుంటే మేము నోళ్లు మూసుకుని వినేవాళ్లం.

మరి అలాంటిది కోటగోడలు ఎలా కూలుస్తుంది? కోపంతో కాదు, ఆకలితో. పాలు మరిచిన రోజు నుంచే పిల్లకు జావ తొట్టి ముందు ఒక మట్టిగోడ కడతారు. గోడ పడగొడితే జావ. పడగొట్టకపోతే ఆ పూట పస్తు. అది పెరిగేకొద్దీ మట్టిగోడ ఇటుకగోడ అవుతుంది, ఇటుకగోడ సున్నం వేసిన రాతిగోడ అవుతుంది. చివరికి ఆ మృగానికి లోకంలో తెలిసింది ఒకే ఒక్క సంగతి, గోడ వెనక జావ ఉంటుందని. యుద్ధం ముందు దాన్ని పస్తు పెట్టి కోట ఎదురుగా వదిలితే చాలు. మావటి మెడ మీద కూర్చుని దారి చూపిస్తాడు, మిగతాది దాని కడుపే చూసుకుంటుంది.

ఈ పనిలో మా ఇంటిల్లిపాదికీ వాటా ఉంది. అత్తయ్య మొద్దుకు మేత మనిషి. జావ కలపడం, పోయడం, కొమ్ముల మొదట్లో చీము పడితే కడగడం ఆమె పని. గంగాళాల కింద మంట నాది. మా ఆయన మొద్దుకు మావటి. ఆయన దగ్గర అంకుశంతో పాటు ఒక తోలుసంచి ఉండేది. అందులో ఒక మేకు, ఒక సుత్తి. యుద్ధంలో మృగం బెదిరి సొంత దండు మీదికి తిరిగితే, మెడ పలకల వెనక మెత్తని చోట ఆ మేకు దించాలి. మృగం అక్కడికక్కడే కూలుతుంది. ఆ కూలే కొండ కింద మావటి మిగలడం అరుదు. ఆ సంచి మా వంటింటి గోడకు వేలాడేది. అత్తయ్య తన తడి తువ్వాలు రోజూ సరిగ్గా దాని మీదే ఆరేసేది. ఇంట్లో తీగె ఖాళీగా ఉన్నా సరే.

అందుకే మా ఇంట్లో అందరం కోరుకునేది ఒక్కటే, మొద్దు వెనక్కి తిరగకూడదు.

మొద్దుకు అది మొదటి యుద్ధం. దండు బయలుదేరాలని కబురు వచ్చిన తరువాత ఒక మధ్యాహ్నం జరిగింది ఇది. అధికారులు భోజనాలకు లోపలికి వెళ్లారు. మా ఆయన మొద్దును కొత్తగా కట్టిన గోడ మీదికి తోలుతున్నాడు. గోడ వెనక తొట్టిలో జావ పోసి అత్తయ్య పక్కకు వచ్చింది. మొద్దు తల దించి, ఎప్పటిలాగే కాళ్లు ఈడ్చుకుంటూ బయలుదేరింది. సరిగ్గా అప్పుడు బండ్ల పాకలో కమ్మరి చక్రానికి ఇనప పట్టా బిగిస్తూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. టంగు టంగుమని రెండు దెబ్బలు పడ్డాయో లేదో మొద్దు ఆగిపోయింది. గోడ ఎదురుగా ఉంది, దాని వెనక జావ వాసన వస్తోంది. అయినా అది తిరిగింది. అంకుశంతో ఎంత పొడిచినా లెక్కచేయక నేరుగా కమ్మరి దగ్గరికి నడిచింది. కమ్మరి పాక కప్పు మీదికి ఎక్కేశాడు. మొద్దు ఆ చక్రం ముందు నోరు తెరుచుకుని నిలబడింది.

ఇటుకలు మోసేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. కమ్మరి ఒంట్లో జావే పారుతోందేమోనని మా ఆయన మెడ మీద నుంచి హాస్యమాడాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ అత్తయ్య వైపు చూశాను. ఆమె చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. కమ్మరిని తిట్టలేదు, కొడుకుని తిట్టలేదు, చివరికి నన్ను కూడా తిట్టలేదు. ఆమె నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదలు.

వంటింట్లోకి వచ్చాక తలుపు వెయ్యమంది. నా పెళ్లికి ముందు సంగతి చెప్పింది. మొద్దు ఇంకా కొమ్ములు పూర్తిగా రాని వయసులో ఒక గోడ పడగొడుతుంటే రెండు కళ్లలోనూ సున్నం పడిందట. వైద్యుడు కళ్లకు కట్లు కట్టాడు. కళ్లు కనపడని పిల్ల గోడ జోలికి పోలేదు. గోడ పడగొట్టకపోతే జావ లేదన్నది శాల నియమం. బతికేదైతే బతుకుతుందిలెమ్మన్నారు పెద్దలు. దాని పక్కటెముకలు బయటికి కనపడసాగాయి. అత్తయ్య ఆగలేకపోయింది. బట్టీ దగ్గర సున్నం రోళ్లు మోగే వేళ చూసుకుని, ఇనప బొక్కెనలో జావ తీసుకుని దొంగలా కొట్టం వెనక నుంచి వెళ్లేది. ఎటు నుంచి వస్తోందో దానికి తెలియాలని గరిటెతో బొక్కెన మీద కొట్టేది. అది ఆ చప్పుడు పట్టుకుని తడబడుతూ వచ్చేది. కట్లు విప్పేదాకా అలాగే సాకింది.

"కళ్లు వచ్చాక మానేశానమ్మాయ్. ఇన్నేళ్లయింది, మరిచిపోయిందనుకున్నాను" అంది అత్తయ్య.

"మరిచిపోకపోతే ఏమైంది అత్తయ్యా, కమ్మరిని వేరే చోటికి పొమ్మంటే సరి" అన్నాను.

"కమ్మరిని పొమ్మంటావు. దండుని ఎక్కడికి పొమ్మంటావు?"

అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు. మృగం గోడ మీదికి కదలగానే వెనక ఉన్న దండంతా కత్తులతో డాళ్ల మీద కొడుతుంది. వాళ్లకు అది ధైర్యం. తాతల కాలం నుంచీ ఉన్న అలవాటు. ఇనుము మీద ఇనుము. వేల బొక్కెనలు ఒకేసారి మోగినట్టు ఉంటుంది. మొద్దు జావ కోసం వెనక్కి తిరుగుతుంది, మేకు దించమని బూర మోగుతుంది, మా ఆయన సంచి విప్పాలి. పొయ్యి గట్టు మీదే కూర్చుండిపోయాను.

శాలాధికారితో చెప్పేద్దామన్నాను. చెబితే మొద్దును ఆ సాయంత్రానికల్లా కోసేస్తారంది అత్తయ్య. మృగం లేని మావటిని కాలిబంట్లలో ముందు వరసకు పంపుతారు. తననేం చేస్తారో మాత్రం ఎత్తనే లేదు. కనీసం ఆయనకైనా చెబుదామన్నాను. దానికీ వద్దంది. మావటి భయం మోకాళ్ల నుంచి మృగానికి తెలుస్తుందట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ లోకంలో అందరి తప్పులూ ఎంచిన మనిషి, తన తప్పును మాత్రం కొడుకు ప్రాణం మీదికి తెచ్చి నా కొంగున కట్టింది. ఆ మాటే అనేశాను. ఆమె ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

మరునాటి నుంచి ఆ చప్పుడును అబద్ధం చేసే పని మొదలైంది. ఉపాయం ఆమెదే. జావ మాత్రం గోడ వెనకే, చప్పుడు లేకుండా పోయాలి. బొక్కెన మోగినప్పుడు మాత్రం ఏమీ ఉండకూడదు. బొక్కెన మోగితే తిండి లేదని దానికి నాటుకుపోవాలి.

మొదటిసారి కొట్టగానే మొద్దు కొట్టంలోంచి ఉరికి వచ్చింది. అంత ఒళ్లు వేసుకుని అది పరుగెత్తగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ముట్టె బొక్కెనలో పెట్టింది. అడుగు నాకింది. తల ఎత్తి అత్తయ్య ముఖంలోకి చూసింది. మళ్లీ బొక్కెనలోకి చూసింది. కోపం రాలేదు, కొమ్ము విసరలేదు, ఆలస్యమవుతుంది కాబోలు అన్నట్టు నిలబడి ఎదురుచూసింది. అత్తయ్య ముఖం తిప్పుకుని బొక్కెన పట్టుకుని వచ్చేసింది. కాసేపాగి మళ్లీ వెళ్లి కొట్టింది. అది మళ్లీ ఉరికి వచ్చింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. అత్తయ్య కాలు గాలిన పిల్లిలా కొట్టానికీ వంటింటికీ మధ్య తిరిగేది. నేను పొయ్యి ముందు కూర్చుని చెవులు రిక్కించి వినేదాన్ని. బొక్కెన మోగుతుంది, వెంటనే నేల అదురుతుంది. అదిరిందంటే అది ఇంకా నమ్ముతోందని అర్థం. మా ఆయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇదేమిటని ఒక్క మాట అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను మరీ భయపెట్టింది. ఒక సాయంత్రం ఆయన తువ్వాలు పక్కకు తీసి, సంచిలోని సుత్తి పిడి బిగువుగా ఉందో లేదో చూసుకోవడం కంటపడింది.

కొన్నాళ్లకు మొద్దు పరుగు మానేసి నడిచి రాసాగింది. తరువాత రావడం మానేసి తల మాత్రం తిప్పింది. ఆ తరువాత చెవి మాత్రం కదిపింది. బయలుదేరడానికి ముందురోజు అత్తయ్య చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా చెవి కూడా కదపలేదు. గోడ వైపే చూస్తూ నిలబడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. గట్టెక్కాం అత్తయ్యా అని ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె చేతులు విడిపించుకుని, బొక్కెన బోర్లించి దాని మీద కూర్చుంది.

"గట్టెక్కాం లే. ఇక అది నన్ను నమ్మదు" అంది.

నిజమే. పొద్దున్నే ఆమె తిట్లు వినపడగానే కొట్టం గోడ మీదుగా ముట్టె చాచి ఆమె భుజం మీద ఆనించడం దానికి అలవాటు. ఆ అలవాటూ పోయింది. ఆమె ఎంత గొంతు చించుకున్నా అటు తిరిగి నిలబడేది. ఆ సంగతి నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. నా మొగుడు తిరిగొస్తే చాలు, జంతువు అలిగితే నాకేమిటి అనుకున్నాను.

దండుతో మేమిద్దరం మేత బండి మీద వెళ్లాం. మేత మనిషి, మంట మనిషి లేనిదే మృగం కదలదు. దారి పొడవునా ఆమె ఒక్కరిని తిట్టలేదు. బండివాడు భయపడి ఆమెకు ఒంట్లో బాగా లేదా అని నన్ను అడిగాడు.

దండు పట్టుకోవాల్సిన ఊరు ఒక దిబ్బ మీద ఉంది. చుట్టూ గోడ, గోడ మీదుగా ఇళ్ల పొగలు కనిపిస్తున్నాయి. యుద్ధం రోజు జావ వాసన మృగానికి తగలకూడదని మేత బండ్లను వాగు అవతలే ఆపేస్తారు. మొద్దు ఒంటి మీది దుప్పటి విప్పడానికి మమ్మల్ని మాత్రం కట్టుగుంజ దాకా రానిచ్చారు. అత్తయ్య శాలువా కింద ఏదో దాచింది. చూస్తే బొక్కెన, గరిటె. అవెందుకు అన్నాను. చేతులు ఊరుకోవడం లేదంది. మా ఆయన మెడ మీదికి ఎక్కుతూ నాతో పొయ్యి జాగ్రత్త అన్నాడు.

మొద్దు కదిలింది. వెనక దండు డాళ్లు మోగించింది. ఆ మోత నా పళ్లలోకి ఎక్కింది. నేను కళ్లు మూసుకుని, మళ్లీ భయమేసి తెరిచాను. మొద్దు చెవి కదలలేదు. కాళ్లు ఈడ్చుకుంటూ, శాలలో వెళ్లినట్టే వెళ్లి గోడకు తల ఆనించింది. రెండోసారికి గోడ బీటలు వారింది, మూడోసారికి కూలింది. దుమ్ము లేచింది. దండంతా కేకలు పెట్టింది. నేను అత్తయ్యను కావలించుకుని ఏడ్చేశాను. ఆమె నన్ను పట్టుకోలేదు. దుమ్ములోకే చూస్తోంది.

"అక్కడ జావ లేదు కదమ్మాయ్" అంది.

శాలలో గోడ కూలగానే తొట్టి ఉంటుంది. కడుపు నిండగానే అది ఆగిపోతుంది. ఇక్కడ గోడ కూలింది, తొట్టి లేదు. రోజుల తరబడి పస్తున్న మృగానికి ఇంకేం తోస్తుంది, తరువాతి గోడ వెనక ఉంటుందనుకుంది. తరువాతి గోడ ఒక ఇల్లు. దాని తరువాత ఇంకో ఇల్లు. దుమ్ము సద్దుమణిగేసరికి మొద్దు వీధుల్లోకి చాలా దూరం వెళ్లిపోయింది. మా ఆయన రెండు చేతులా అంకుశం లాగుతున్నాడు. పైకప్పుల నుంచి బాణాలు వస్తున్నాయి. మృగం ఆగితే గాని దండు లోపలికి వెళ్లలేదు. దళపతి కాసేపు చూసి బూరవాణ్ణి పిలిచాడు. బూర మోగిందంటే మేకు దించమని. మోగాక దించని మావటికి సొంత దండులోకి తిరిగొచ్చే దారి లేదు.

అత్తయ్య శాలువా అక్కడే పడేసి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తడం చూసి కాపలావాడు ఆపడం కూడా మరిచిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను. కూలిన ఇటుకల మీదుగా ఎక్కి దిగాం. వీధికి రెండు పక్కలా ఇళ్లు గోడలు లేక లోపలి గదులతో సహా కనపడుతున్నాయి. ఆరేసిన పిల్లల బట్టలు, సగం తరిగిన దుంపలు, మడత పెట్టని పక్కలు. ఒక వంటింట్లో పొయ్యి ఇంకా మండుతోంది. పొయ్యి పక్కన పెద్ద గిన్నె దొర్లి ఉంది, లోపల తళతళ మెరిసేలా నాకేసి ఉంది. గోడ వెనక జావ ఉంటుందని దానికి మేమే నేర్పాం. నిజంగానే ఉంది. ఎవరో తమ పిల్లల కోసం కాచుకున్న జావ. ఆ గది మూల, ధాన్యం గాదె చాటున అత్తయ్య వయసు మనిషి ఒకామె నక్కి మమ్మల్ని చూస్తోంది. ఆమె చేతిలోనూ గరిటె ఉంది. అత్తయ్య ఒక్క క్షణం ఆగింది.

వీధి చివర మొద్దు ఒక పెద్ద రాతిగోడకు తల ఆనించి నెడుతోంది. మా ఆయన ముందుకు వాలిపోయి ఉన్నాడు, భుజంలో బాణం దిగి ఉంది. సంచి విప్పి ఉంది. సుత్తి చేతిలో ఉంది. అత్తయ్య గరిటెతో బొక్కెన మీద కొట్టింది. మొద్దు చెవి కదపలేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది. మేము ఎంత బాగా నేర్పామో అంత బాగా నేర్చుకుంది. అప్పుడే మా వెనక, దూరంగా, బూర మోగింది.

ఆయన తల ఎత్తి మమ్మల్ని చూశాడు. మేకు పలకల వెనక ఆనించాడు. సుత్తి పైకెత్తాడు. నేను ఆయన పేరు పెట్టి అరిచాను. పెళ్లయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఏం చెయ్యమని అరిచానో ఇప్పటికీ నాకు తెలియదు.

అత్తయ్య కొట్టడం ఆపింది. ఊపిరి తీసుకుంది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న గొంతంతా బయటికి తీసింది.

"ఏయ్ మొద్దూ, ఎక్కడ తిరుగుతున్నావే? ఇల్లూ వాకిలీ లేవా నీకు? అబద్ధం చెప్పాను, ఒప్పుకుంటున్నాను, ఇంతమందిలో ఒప్పుకుంటున్నాను. ఇంకొక్కసారి రా. రా తల్లీ."

అని మళ్లీ బొక్కెన మీద కొట్టింది. ఆ తిట్టు తోడుగా కొట్టింది. మొద్దు నెట్టడం ఆపింది. ఒక చెవి ఇటు తిరిగింది. తరువాత తల తిరిగింది. తరువాత ఆ కొండంత ఒళ్లు, ఆ ఇరుకు వీధిలో రెండు పక్కలా రాళ్లు రాల్చుకుంటూ మెల్లగా మా వైపు తిరిగింది. మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అది కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, అత్తయ్య ముందు ఆగి, బొక్కెనలో ముట్టె పెట్టింది.

బొక్కెన ఖాళీ.

అడుగు నాకింది. తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఎదురుచూసింది. అన్నిసార్లు మోసపోయి కూడా, మొదటి రోజు ఎలా చూసిందో అలాగే చూసింది. అత్తయ్య ఏడవడం నేను అప్పుడు చూశాను. ఏడుస్తూనే వెనక్కి నడవడం మొదలుపెట్టింది, బొక్కెన చాచి పట్టుకుని, కొడుతూ. మొద్దు ఆ ఖాళీ బొక్కెన వెంటే నడిచింది. వీధి దాటి, కూలిన గోడ దాటి, రెండుగా చీలి నోళ్లు తెరుచుకుని చూస్తున్న దండు మధ్య నుంచి, దళపతిని కూడా దాటి, వాగు దిగి, మేత బండి దాకా వచ్చింది. అక్కడ ఆమె గంగాళం మొత్తం దాని ముందు పెట్టింది. దాని బతుకులో గోడ పడగొట్టకుండా, అందరి ఎదుటా తిన్న మొదటి తిండి అదే. నేను మా ఆయన్ని కిందికి దింపాను. సుత్తి ఆయన వేళ్ల నుంచి విడిపించడానికి చాలాసేపు పట్టింది.

ఆ తరువాత సంగతులు త్వరగా చెబుతాను. మొద్దు దారి వదిలాక దండు లోపలికి వెళ్లగలిగింది కాబట్టి, బూర మోగినా మేకు దించని మా ఆయన్ని దళపతి వదిలేశాడు. నియమం తప్పినందుకు అత్తయ్యను శాల నుంచి వెళ్లగొట్టారు. బొక్కెన వెంట నడిచే మృగం యుద్ధానికి పనికిరాదని తేల్చి, కోటగోడ కూల్చిన మృగం కదా అని కోయకుండా మొద్దును రాళ్ల గనికి ఇచ్చేశారు. దాన్ని అదుపు చేయగలవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి మమ్మల్నీ వెంట పంపారు. మా ఆయన కుడి చెయ్యి ఇప్పటికీ చెవి దాటి పైకి లేవదు. గని దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. అత్తయ్య మళ్లీ పొయ్యిని, కట్టెల్ని, నన్ను, కొడుకుని వరస తప్పకుండా తిడుతోంది. అప్పుడప్పుడు మాత్రం తిడుతూ తిడుతూ ఆగి, ఆవిడ వంటింటి గోడ మళ్లీ కట్టుకుందో లేదో అంటుంది. ఎవరని నేను అడగను.

మొద్దు రాళ్లు లాగుతుంది. వేళకు జావ తాగుతుంది. దానికింక గోడలతో పని లేదు. నాకే ఒక తలనొప్పి మిగిలింది. గిన్నెలు తోముతున్నప్పుడు గరిటె పొరపాటున బొక్కెనకు తగిలి మోగిందంటే చాలు, జావ వేళ కాకపోయినా, నిద్రలో ఉన్నా అత్తయ్య లేచి వస్తుంది. నన్ను నాలుగు తిట్టి, ఉన్నదేదో బొక్కెనలో పోసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ కొట్టం వైపు నడుస్తుంది. పొరపాటున మోగింది అత్తయ్యా, అది అప్పుడే తాగింది కదా అంటాను.

"అది విన్నది కదమ్మాయ్" అంటుంది.